కంప అడ్డం పెట్టిన ఇళ్లు

ఖమ్మం మార్కెట్ దారిలో మిర్చి బస్తాలు దిగేటప్పుడు ఆ ఘాటుకు అందరికీ తుమ్ములొస్తాయి. నాకు కోపం వస్తుంది. నిన్నా అంతే. ఆటోలో పక్కావిడ కొంగుతో ముక్కు మూసుకుంటే, నాకు మాత్రం సువార్తమ్మ మేడమ్ గుర్తొచ్చింది. రెండువేల తర్వాతి ఏళ్లలో జిల్లా ప్రణాళిక కార్యాలయంలో ఆమె మా అధికారి, నేను కొత్తగా చేరిన టైపిస్టుని. వేంసూరు దగ్గర కూలి కుటుంబంలో పుట్టిన మనిషి. ఆదివారం చర్చిలో ఎంత మెత్తగా పాడేదో, సోమవారం ఆఫీసులో అంత గట్టిగా అరిచేది. మాట పెళుసు, మనసు వెన్న అంటారే, అలాంటిది కాదు. మాటా పెళుసే, మనసూ పెళుసే. కానీ న్యాయం తప్పేది కాదు.

ఒక ఎండాకాలం మొదట్లో హైదరాబాద్ నుంచి ఒక పెద్దసారు రాబోయే కాలపు జనాభా అంచనాలు పట్టుకొచ్చాడు. రాజధాని, దాని చుట్టుపక్కల ఊళ్లు ఉబ్బిపోతాయట. భద్రాచలం అడవి అంచున ఉన్న మా గూడేలు ఖాళీ అయిపోతాయట. అందుకని వాగు అవతలి గూడేనికి అనుకున్న నర్సు కేంద్రం అక్కర్లేదని మేడమ్ సంతకం పెట్టాలి. వానాకాలం ఆ వాగు పొంగితే నొప్పులు పడే మనిషిని మంచం మీద మోసుకొచ్చే దారి కూడా ఉండదు.

"సర్వేవాళ్లు స్వయంగా చూసొచ్చారమ్మా. మనుషులే లేరు. తలుపులకు ముళ్లకంపలు అడ్డం పడి ఉన్నాయి. ఇంక భవిష్యత్తంతా సిటీదే," అన్నాడాయన.

మేడమ్ నవ్వింది. ఆమె నవ్వితే మాకు భయం. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఇంకా పుట్టని పట్నపోళ్లకి ఇప్పట్నించే రోడ్లు, నీళ్లు. ఉన్నోళ్లకి ఒక నర్సు దండగా సార్? ఆ కంపలు ఎందుకు పెట్టారో తెలుసా మీకు?"

"ఎందుకైతే ఏంటమ్మా?"

"రేపు రండి, చూపిస్తా."

మర్నాడు నన్నూ ఎక్కించుకున్న జీపు అడవి వైపు పోతుందనుకున్నాను. ముదిగొండ వైపు తిరిగింది. అక్కడ మిరపచేలో, గట్టు మీద వేసుకున్న తాటాకు గుడిసెల మధ్య, గూడెం గూడెమంతా ఉంది! చీర ఉయ్యాలల్లో పిల్లలు, గంప కింద కోళ్లు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరప కోతలకు వాళ్లు ఇలాగే వస్తారు, కోతలు కాగానే వెళ్లిపోతారు. మేకలు, కుక్కలు దూరకుండా తలుపుకు కంప అడ్డం పెట్టి వస్తారు. వదిలేసిన ఇంటికి కంప ఎవరూ పెట్టరు. చిన్నప్పుడు వాళ్లమ్మ వెంట మిరపచేలలో తిరిగిన మేడమ్‌కు ఇదంతా కొత్తేమీ కాదు. సర్వేవాళ్లు సరిగ్గా కోతల నెలలో వెళ్లి, తలుపులు చూసి, ఊరు చచ్చిపోయిందని రాసేశారు.

ముత్తమ్మ అనే పెద్దావిడ నడుం పట్టుకుని లేచింది. పక్కనే కడుపుతో ఉన్న ఆమె కోడలు కాయలు కోస్తూనే ఉంది.

"ఊరొదిలేసి పట్నం పోతున్నారంట గదా?" అని మేడమ్ అడిగింది.

"ఎవడన్నడు గట్ల?" ముత్తమ్మ కస్సుమంది. "మా ఇండ్లు, మా దేవర, మా భూమి ఆడ్నే ఉంటే మేమేడికి పోతం? వానలల్ల నా కోడలు కనేది గూడ ఆడ్నే. వాగంటె భయం గని, ఊరంటె భయమేంది?"

పెద్దసారు చెమట తుడుచుకుంటూ, "అయినా అంచనా అంచనాయే కదమ్మా," అని గొణిగాడు.

మేడమ్ అందరి ముందే అంది: "పట్నం పెరుగుతుందా, పెరగనివ్వండి సార్. నాకేం కడుపుమంట లేదు. వీళ్లుండరని మాత్రం నా చేత రాయించలేరు. ఉద్యోగం పీకేస్తారా? పీకేయండి. మా అమ్మ నాకు మిరపకాయలు కోయడం ఎప్పుడో నేర్పింది."

సంతకం పెట్టలేదు. నెల తిరక్కుండా ఆమెను వేరే జిల్లాకు బదిలీ చేశారు. నేను ఏడుస్తుంటే తిట్టింది. "ఏడిస్తే నర్సు వస్తుందా? నా సీట్లో కూర్చునేవాడికి రోజూ గుర్తుచెయ్యి, పో." చేశాను. విసుక్కున్నాడు, చేశాను. ఆమె పెట్టనన్న సంతకం పెట్టే ధైర్యం ఆ కొత్తాయనకు లేదు, నర్సును తెచ్చే తొందరా లేదు. ఈలోగా వానలొచ్చాయి. వాగు పొంగింది. ముత్తమ్మ కోడలు నొప్పులు పడుతూ ఇవతలి ఒడ్డుకు రాలేకపోయింది. బిడ్డ దక్కలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కేంద్రం ఆ తర్వాతెప్పుడో వచ్చింది. రెండో కాన్పు అక్కడే అయింది, ఆడపిల్ల.

సువార్తమ్మ మేడమ్ ఇప్పుడు లేరు. పదోన్నతుల మీద నేనూ సంతకాలు పెట్టే కుర్చీకి చేరాను. పోయిన వారం ఒక యువ అధికారి కొత్త అంచనాలు తెచ్చాడు. మళ్లీ అదే పాట. రాజధాని ఇంతింతై పోతుంది, ఏన్కూరు అవతలి గూడేలు కరిగిపోతాయి, అక్కడ బడి దండగ. చక్కటి రంగుల్లో గీతలు గీసుకొచ్చాడు పాపం.

"ఏ నెలలో వెళ్లొచ్చావు బాబూ?" అని అడిగాను.

"ఫిబ్రవరిలో మేడమ్. ఎందుకు?" అంటూ పెన్ను చాపాడు.

"పెన్ను జేబులో పెట్టుకో," అన్నాను. "లే. జీపెక్కు."