గడువు దాటిన గాలి

మస్కట్‌లో పన్నెండేళ్లు డైవర్‌గా సముద్రంలో మునిగి ఆర్మూర్ తిరిగొచ్చిన చాంద్ పాషా, సిలిండర్ గాలిని నోటికందించే రెగ్యులేటర్‌ను పసిబిడ్డలా తువ్వాలులో చుట్టి దాచుకుంటాడు. మునిగినా మునగకున్నా ఏడాదికోసారి దాన్ని విప్పి, కడిగి, రబ్బరు రింగులు మారుస్తాడు.

మొన్న వేల్పూర్‌లో రైతు లింబాద్రి మోటరు బావిలో పడిపోయింది. పైన చేన్లో పసుపు పంట ఆకులు నీళ్లు లేక ఎండకు చుట్టుకుపోతున్నాయి. బావి గట్టు మీద పాషా రెగ్యులేటర్‌కు కట్టిన చీటీ చదివి తల అడ్డంగా ఊపాడు. "సర్వీసింగ్ గడువు దాటి నాలుగు దినాలైంది. దీన్ని నోట్ల పెట్ట." "పంట పోతది పాషా భాయ్. నాలుగు దినాలకు ఏమైతది?" అని లింబాద్రి బతిమాలాడు. "ఊపిరితోటి ఆటలాడొద్దు పటేలా," అంటూనే అంగీ విప్పి, తాడు పట్టుకుని ఉత్త ఊపిరితో దూకాడు. ఆకుపచ్చ నీళ్లు అతని మీద మెత్తగా మూసుకున్నాయి. మూడో మునకలో మోటరుకు తాడు బిగించి, దగ్గుతూ తేలాడు. లింబాద్రి తాడు గుంజుతూ అడిగాడు: "మరి నీ ఊపిరితిత్తులకు సర్వీసింగ్ ఎప్పుడైంది భాయ్?" పాషా నీళ్లు ఉమ్మి చెప్పాడు: "వాటి మీద తారీఖు రాసి లేదు గదా."