షబానా రాసిన పేజీలు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కొన్నేళ్లుగా గుండెల మీద బండలా ఉంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మహబూబాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు నాకూ నా స్నేహితురాలు షబానాకూ ఒకే ప్రాజెక్టు వచ్చింది. కేసముద్రం మార్కెట్ యార్డులో కింద పడ్డ మొక్కజొన్న గింజలు ఏరుకునే ఆడవాళ్ల బతుకు గురించి, ఎవరికి వారు వెళ్లి రాయాలి. షబానా ఎండలో వెళ్లింది. నేను వెళ్లలేదు. చదివి ఇస్తానని ఆమె పేజీలు అడిగి తీసుకుని, ఫోటోలు తీసి, ఏఐకి ఇచ్చి బాగా రాయమన్నాను. "మక్కలు తడిసినయి బిడ్డా, ఇయ్యాల మేమేం ఏరాలె?" అని ఒక అవ్వ అన్న మాట "వర్షం వల్ల మా జీవనోపాధి దెబ్బతిన్నది" అయింది. అలా మారిన ప్రాజెక్టును షబానా కంటే ముందే నా పేరుతో ఇచ్చేశాను.

రెండింట్లోనూ ఒకే సంగతులు ఉన్నాయని సార్ ఇద్దరినీ పిలిచారు. నున్నగా ఉన్న నాదే అసలనీ, దాన్ని చూసి షబానా ఊరి మాటల్లో దింపిందనీ ఆయన అనుకున్నారు.

"యార్డుకు నేనొక్కదాన్నే పోయిన సార్," అని షబానా నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పవే."

"నాకేం తెల్వదు సార్," అన్నాను.

ఆమెకు సున్నా వేశారు. తర్వాత చదువే మానేసింది. ఇప్పుడు జనగామలో వాళ్ల అబ్బా కుట్టు దుకాణంలో కూర్చుంటోందట. హైదరాబాద్ బస్సు అక్కడ ఆగితే చున్నీ ముఖం మీదికి లాక్కుంటాను. చూస్తే ఏమంటుంది? ఏమీ అనకపోతే? నాకు అదే ఎక్కువ భయం.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఏఐని ఎలా వాడాలో పిల్లలకు చెప్పే పని నాకే అప్పగించారు. సాయం తీసుకుంటే తీసుకున్నామని రాయండి, ఎవరి మాటలైతే వాళ్ల పేరు పెట్టండి అంటాను. అంటున్నంతసేపూ బోర్డు వైపే చూస్తాను. మొన్న కాటారం అమ్మాయి ఒకతె వాళ్ల అవ్వ మాటల్లోనే ప్రాజెక్టు రాసుకొచ్చింది. "ఇది నువ్వే రాసినవా?" అని అడిగాను. ఆ పిల్ల బెదిరిపోయి చూసింది. ఆ చూపు నేను అంతకుముందు ఒకసారి చూశాను. సార్ పొరబడ్డారు, నేనేం చేయగలనని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నదంతా ఆ ఒక్క చూపుతో నిలవకుండా పోయింది.

ఇది ఎవరైనా గుర్తుపడితే ఉద్యోగం పోతుంది. క్షమించమని అడిగే మొహం కూడా లేదు. కానీ పిల్లలకు చెప్పే పని ఒక్కసారైనా నేను చేయాలి కదా. కేసముద్రం వెళ్లింది షబానా. ఆ అవ్వ పక్కన కూర్చున్నది షబానా. రాసింది కూడా షబానాయే.