మా పెద్దబాపు వేసిన కుట్లు

కిందటి వారం మా మనవరాలు సైకిల్ మీంచి పడి గడ్డం పగలగొట్టుకుంది. మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచ దవాఖానాలో కుర్ర డాక్టరు మూడు కుట్లు వేస్తుంటే నేను ఆయన వేళ్లనే చూస్తూ నిలబడ్డాను. ముడి వేశాక, దారం కత్తిరించే ముందు, ఆయన ఒక్క క్షణం ఆగాడు. మా నాన్నకు అన్న, మా పెద్దబాపు కూడా అచ్చం అలాగే ఆగేవాడు.

పెద్దబాపు సిరోంచ దగ్గరి అంకిసలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, నాగపూర్‌లో సర్జరీ చదివి, మళ్లీ సిరోంచకే వచ్చిన మనిషి. పెద్ద ఊళ్ల నుంచి పిలుపులొచ్చినా కదల్లేదు. పదేళ్ల వయసు నుంచి నేను వాళ్లింట్లోనే ఉండి చదువుకున్నాను. ఆయన తీరిక దొరికితే నారింజపండుకు గాటు పెట్టి, తొక్కకు సన్నదారంతో కుట్లు వేసేవాడు. నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టేవాడు. ఆ తర్వాత పండు నాకిచ్చేవాడు. నారింజను లోకమంతా కుట్లు విప్పుకునే తింటుందని చాలాకాలం అనుకున్నాను.

అన్నం దగ్గర ఆయనకు ఒకటే కథ. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికాలో, ఏదో మారుమూల ఊళ్లో ఒక సర్జన్ ఉండేవాడట. కడుపులో కణితితో ఒకావిడ అరవై మైళ్లు గుర్రం మీద ఆయన దగ్గరకు వచ్చిందట. అప్పటికి మత్తుమందే లేదు. ఆవిడ ప్రార్థనలు చదువుకుంటూ ఉంటే ఆయన తన ఇంట్లోనే కోసి కణితి తీశాడు. ఆవిడ మరో ముప్పై ఏళ్లు బతికింది. కణితి బరువు మాత్రం పెద్దబాపు చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరిగేది.

నేను ఇంటర్ చదివే ఏడు వానాకాలంలో, జింగనూర్ నుంచి ఒక గోండు పిల్లను మంచం మీద మోసుకొచ్చారు. పద్దెనిమిదేళ్లుంటాయి. అడవిలో పుట్టగొడుగులు ఏరుతుంటే ఎలుగుబంటి మీదపడి చెంప, పెదవి చీల్చింది. దవాఖానా కాంపౌండర్‌ను మేమంతా చాచా అనేవాళ్లం. ఆయన తడుస్తూ మా వరండాలోకి వచ్చాడు. "సాబ్, చంద్రపూర్ తొవ్వ బందైంది. ప్రాణహితల పడవ గూడ నడుస్తలేదు. ఇగ మీరే చెయ్యాలె."

పెద్దబాపు చెప్పుల్లో కాళ్లు పెట్టి అలాగే నిలబడిపోయాడు. "ముఖం మీద గింత పెద్ద పని నేనెన్నడు చెయ్యలే చాచా. పెండ్లి కావాల్సిన పిల్ల. జర వంకర పోతే జన్మంత అట్లనే ఉంటది."

లోపల బియ్యం చెరుగుతున్న పెద్దమ్మ చాట పక్కన పెట్టింది. "రోజు అన్నం తిననియ్యకుంట ఆ అమెరికాయన ముచ్చటే చెప్తివి గదా. ఆయనకు మత్తు సూది గూడ లేకుండె. నీకున్నది. ఇన్ని నారింజలు ఎందుకు కుట్టినవు మరి? పో."

ఆయన వెళ్లాడు. పొద్దున లోపలికి పోయినవాడు నాలుగింటికి బయటికొచ్చాడు. వచ్చి రెండు గ్లాసుల చాయ్ తాగాడు.

కట్టు విప్పిన రోజు నేనూ వెళ్లాను. ఆ పిల్ల అద్దం అడిగింది. చెంప నుంచి పెదవి దాకా సన్నటి ఎర్రగీత. అటు తిప్పి ఇటు తిప్పి ఎంతసేపు చూసుకుందో! పెద్దబాపు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చివరికి గోండిలో ఏదో అంది. వాళ్ల నాయన నవ్వు ఆపుకుంటూ మాకు చెప్పాడు. "ఎలుగుబంటి మూతి ఇంతకంటె పాడైందంటున్నది సాబ్. గొడ్డలితోని మా పిల్లగూడ దాన్ని ఒకటి కొట్టిందట." పెద్దబాపు అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే విన్నాను.

మరుసటి ఎండాకాలం ఆమె పెళ్లికి మమ్మల్నందరినీ పిలిచారు. డోలు మోగగానే పెళ్లికూతురే వచ్చి పెద్దబాపు చెయ్యి పట్టుకుని ఆటలోకి లాక్కుపోయింది. కుట్టులో వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి, ఒక్క అడుగు కూడా సరిగ్గా వెయ్యలేకపోయాడు. చాచా పొట్ట పట్టుకుని నవ్వాడు.

పెద్దబాపు పోయి చాలా ఏళ్లయింది. ఆయన గొంతు నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు, ముఖం కూడా ఫొటో చూస్తే గానీ పూర్తిగా కనబడదు. ఆ తప్పుటడుగులు మాత్రం ఎన్నేళ్లు గడిచినా ఒక్కటీ చెరిగిపోలేదు.