సాంబారు మీద అవిశ్వాసం

జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో మా షిఫ్టు ఇన్‌ఛార్జి గారు రోజూ భోజనాల దగ్గర క్యాంటీన్ సాంబారు మీద అవిశ్వాస తీర్మానం పెట్టేవారు. ఆరుగురం చేతులెత్తేవాళ్లం. తీర్మానం నెగ్గేది, సాంబారు మాత్రం మారేది కాదు.

ట్రైనీగా చేరిన మూడో నెలలో నేనొక సున్నపురాయి శాంపిల్‌ని పరీక్షించకుండానే, రిజిస్టర్లో ముందురోజు అంకె వేసేసి దొరికిపోయాను. మేనేజరు నన్ను తీసెయ్యమన్నాడు.

“వీడి మీద అవిశ్వాసమైతే ముందు నా మీద పెట్టండి సార్. చూడకుండా సంతకం పెట్టింది నేనేనండి” అన్నారు ఇన్‌ఛార్జి గారు, నవ్వకుండా.

నా ఉద్యోగం నిలిచింది.

మర్నాడు సాంబారు మరీ నీళ్లలా ఉంది. నేను తప్ప అందరూ చేతులెత్తారు.

“ఏరా, పార్టీ మారావా?” అన్నారాయన.

నన్ను నిలబెట్టిన మనిషి ఎదుట, ఆ పూట సాంబారుని కూడా దించెయ్యబుద్ధి కాలేదు.