అఫ్రాకోమా తుడిచేసిన నీళ్ళు

కుమాసి నగరంలో అఫ్రాకోమా అంత శుభ్రంగా ఫైళ్ళు తయారుచేసే మనిషి మరొకరు లేరని పేరు. పదకొండేళ్ళుగా ఓ పరిశోధనశాలలో అదే పని. రోగక్రిమి ఒంట్లోని ప్రోటీన్ బొమ్మ కంప్యూటర్లోకి వస్తుంది. దాని నడుమ ఓ గుంట. ఆ గుంటలో ఏ మందు అణువు అంటుకుంటుందో విద్యార్థులు లెక్క కడతారు. అంతకంటే ముందు బొమ్మనిండా చుక్కలుచుక్కలుగా ఉన్న నీటి అణువుల్ని ఈవిడ ఏరి పారేయాలి. అడ్డమని అందరూ పారేస్తారు, ఈవిడా పారేసేది. "ఆంటీ చెయ్యి పడిందంటే ఇక చూడక్కర్లేదు" అనేవాళ్ళు పిల్లలు. ఆ మాటకి పొంగిపోయేది, దాచడమెందుకు!

ఇప్పుడు ఆ పేరే మెడకు చుట్టుకుంది. ఓ అడవిచెట్టు బెరడు కషాయం నిద్రజబ్బు క్రిమిని గాజుపళ్ళెంలో ఇట్టే చంపుతోంది. అందులో ఇరవైమూడు రకాల అణువులున్నాయి. చంపేది ఏదో కంప్యూటర్ చెప్పాలి. అది తేల్చిన మూడింటినే పరీక్షకి పంపుతారు, మళ్ళీ రెండేళ్ళదాకా అవకాశం లేదు. జాబితా శుక్రవారం నాలుగింటికి వెళ్ళాలి. కానీ ఒక్కటీ గట్టిగా అంటుకోవడం లేదు, పైకి తేలిన మూడూ అంతంతమాత్రమే. వారంనుంచి ఆవిడకి తిండి సయించడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది. తప్పు తన చేతిలోనే ఎక్కడో ఉందని లోపల ఒకటే పీకులాట.

శుక్రవారం పొద్దున్నే ఊరినుంచి పెద్దమ్మ పోకువా దిగింది. అఫ్రాకోమా చెప్పులు తొడుక్కుంటూనే కుర్చీ లాగింది.

"ఏంటి పెద్దమ్మా విషయం? తొందరగా చెప్పు, నేను పోవాలి."

ముసలామె కూర్చుంది. పెదవి విప్పలేదు.

"పెద్దమ్మా, నిన్నే! ఎవరికైనా ఏమైనా అయిందా? చెప్పు, నా గుండె ఆగిపోయేలా ఉంది!"

"ఇంత చదువుకున్నావు, నీకు నేను చెప్పాలా?" అంది పోకువా గోడకేసి చూస్తూ. "ఇంటికొచ్చినవాళ్ళ గొంతు తడపకుండానే కబురు చెప్పించుకుంటావా? మీ అమ్మ ఉంటే చెవి మెలేసేది."

అఫ్రాకోమా నాలిక్కరుచుకుని గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ముసలామె నాలుగు గుక్కలు తాగి అప్పుడు నోరు విప్పింది. మనవరాలికి పేరు పెడుతున్నారట, ఆదివారమట. అఫ్రాకోమా చెవికి ఒక్క మాటా ఎక్కలేదు. ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్ళు అడ్డమని ఎవడన్నాడు? మధ్యలో నీళ్ళు పడ్డాకే కదా మాట కలిసింది!

"వింటున్నావా లేదా?"

"వస్తా పెద్దమ్మా, ఆదివారం తప్పకుండా వస్తా. కెంకే ముద్ద ఉంది, చేప ఉంది, తిని పడుకో!" అంటూనే పరుగు.

పరిశోధనశాలకి చేరగానే తాను ముట్టుకోకముందటి పాత బొమ్మ తెరిచింది. గుంటలో మూడు నీటి అణువులున్నాయి. మధ్యాహ్నందాకా లెక్క నడిపితే రెండు వచ్చిపోయేవేనని తేలింది. మూడోది మాత్రం ససేమిరా కదల్లేదు. దాన్ని ఉంచి ఇరవైమూడింటినీ మళ్ళీ ఒక్కొక్కటే గుంటలోకి దించింది. పందొమ్మిదో స్థానంలో పడి ఉన్న పదిహేడో అణువు ఆ నీటిని పట్టుకుంది, ఆ నీరు ప్రోటీన్‌ని పట్టుకుంది. పదిహేడు ఒక్క ఉదుటున మొదటికొచ్చింది.

సంతోషం నిమిషం నిలవలేదు. పదకొండేళ్ళు! ఎన్ని ఫైళ్ళలో ఇలాంటి నీళ్ళు తన వేలితో తుడిచేసిందో! వాటిని నమ్ముకుని ఎంతమంది పట్టాలు పుచ్చుకున్నారో! నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ పదిహేడు మట్టిగొట్టుకుపోతుంది. జాబితా పంపాల్సిన ప్రొఫెసర్ అన్నింగ్ గది తలుపుదాకా మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ వెనక్కొచ్చింది. గడియారంలో మూడూ నలభై అయింది.

నాలుగోసారి తలుపు తోసింది. ఆయన జాబితా పంపబోతున్నాడు.

"పంపకండి సార్! తప్పు నాది. ఇదొక్కటే కాదు, అన్నిటిలోనూ నేనే..." అంటూనే ఏడ్చేసింది.

అన్నింగ్ కంప్యూటర్ మీదినుంచి చెయ్యి తీశాడు. లేచి కుర్చీ జరిపి ఆవిడని కూర్చోబెట్టాడు. చల్లటి నీళ్ళ ప్యాకెట్ మూల చింపి చేతిలో పెట్టాడు. ఆవిడ ఏడుస్తూనే తాగింది. చివరి గుక్కదాకా ఆయన మాట్లాడకుండా ఆగాడు.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నాడు. "ఏం కబురు తెచ్చావు?"