తినకుండా తిరిగొచ్చిన సద్ది

మా ఆయన చీరల మూట భుజాన వేసుకుని కడపకు పోయే రోజున మా ఇంట్లో మగ్గం కంటే ముందు పొయ్యి లేచేది. కొర్రన్నం మెత్తగా వండి, గోరువెచ్చని పాలు పోసి, చుక్క మజ్జిగ వేసి, సత్తు గిన్నెకు మూత బిగించేదాన్ని. ముందే పెరుగు కలిపి పంపితే మా ఎండలకు పొద్దు నడినెత్తికి రాకముందే పులిసిపోతుంది. ఇట్లా పంపితే ఎర్రగుంట్లలో రైలెక్కి కడపలో దిగి, అంగడి చేరి, ఆకలయ్యే వేళకు చక్కగా తోడుకుని ఉంటుంది. మిరపకాయ లేదు, ఊరగాయ లేదు. ఆయన కడుపులో పుండు ఉందనీ, కారం, నూనె సరుకు తింటే ప్రాణానికే ముప్పనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. ఆ జబ్బుకు మాకు తెలిసిన మందు పథ్యం ఒక్కటే.

సాయంత్రం ఆయనతో పాటు గిన్నె కూడా తిరిగొచ్చేది. మూత తీస్తే పైన మీగడ చెదిరి ఉండేది కాదు.

"ఏమయ్యా, మళ్లీ తినల్యా?"

"యాడ తినేది? సావుకారప్ప హోటలుకు పిలిచె. పోకుంటే ఏమనుకుంటాడో!"

మా నేతగాళ్లలో అదొక నమ్మకం. చీరలు విప్పి చూపించాక, వాటిని కొనే అంగడి సావుకారు నేతగాణ్ని పక్కనున్న హోటలుకు తీసుకుపోతాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని లేస్తేనే బేరం కుదిరినట్టు. తినను అన్న నేతగాడు మూటను ఇంకో అంగడికి పట్టుకుపోతాడని అర్థమట. ఎవరు పెట్టారో ఈ శాస్త్రం! మా మామ నమ్మాడు, ఆయన్ను చూసి కొడుకు నమ్మాడు. చెప్పకేం, నేనూ నమ్మాను.

"మొహమాటానికి పోతే కడుపైందంట," అని ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వేవాడు. నవ్వుతూనే పొట్ట పట్టుకుని మంచం మీద ముడుచుకునేవాడు.

"కడుపు బాగలేదని ఆయప్పతో చెప్పరాదా?" అని ఒకసారి గట్టిగా అడిగాను.

"చెప్తే ఇంగేముండాది? వీడు రోగిష్టోడు, రేపు మగ్గం కాడ కూర్చోలేడని ఇంకోన్ని చూసుకుంటాడు. నీకు తెల్దులే."

నాకు ఒళ్లు మండేది. అయినా కరువు సీమలో పుట్టినదాన్ని, అన్నం పారబోయడానికి చేతులు రావు. పులిసిన ఆ సద్దిని రాత్రికి నేనే తినేదాన్ని. ఆయన పథ్యం తిని నేను గట్టిపడ్డాను. ఆయన చిక్కిపోయాడు.

ఒక వేసవిలో కడప నుంచి వచ్చిన మనిషి వచ్చినట్టే వాకిట్లో నెత్తురు కక్కుకున్నాడు. బండి కట్టుకుని ఆసుపత్రికి చేర్చాం. దక్కలేదు. ఆయన సంచిలోని గిన్నెను ఆ తర్వాత ఎవరు కడిగారో నాకు గుర్తు లేదు.

మగ్గం మీద సగం నేసిన చీర మిగిలింది. నాకూ నేత వచ్చు కాబట్టి మైల తీరాక దాన్ని ముగించి, ఇంకో రెండు నేసి, మూట కట్టుకుని నేనే రైలెక్కాను. అలవాటు కొద్దీ పాలు తోడేసిన అన్నమే పెట్టుకున్నాను. దారి పొడుగునా ఒకటే గుబులు. ఆడదాన్ని హోటలుకు ఎవరు పిలుస్తారు? పిలవకపోతే బేరం ఎట్లా కుదురుతుంది?

సావుకారు పెద్దవయసు మనిషి. నేనెవరో, మా ఆయనకు ఏమైందో చెప్పాను. చీరలు అటూ ఇటూ తిప్పి చూసి, అన్నీ తీసుకుంటానన్నాడు. అంతే, అయిపోయింది. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"హోటల్లో తినకుంటే బేరం కుదరదంట గదప్పా?"

ఆయన వింతగా చూశాడు. "ఎవురు చెప్పినారమ్మా? బేరం చీరను చూసి గదా."

చీరలు మడత పెడుతూ ఆయనే మళ్లీ అన్నాడు. "మీ ఇంటాయనకు బజ్జీలంటే శానా ఇష్టమని నేనే పిలుచుకోని పోతాంటి. ఒక్కనాడూ వద్దనల్యా. నాకు కారం పడదు తల్లీ. ఒక్కడే తినాలంటే ఆయప్ప సిగ్గుపడతాడని నేనూ తింటాంటి."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. అన్నేళ్లు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి కోసం ఒకరు కారం మింగారు. వద్దు అన్న మాట ఎవరి నోటా రాలేదు.

"సద్ది తెచ్చుకున్నట్టుండావే, ఈడనే తిను తల్లీ. రైలుకు ఇంకా శానా పొద్దుండాది," అన్నాడు సావుకారు.

మా ఆయన మూట విప్పే చాప మీదే కూర్చుని గిన్నె మూత తీశాను. పెరుగు గట్టిగా తోడుకుని ఉంది. అందరి ముందూ మెతుకు మిగల్చకుండా తిన్నాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.