కుంట గట్టున పెట్టిన శాపం

మా ఎనుమును చంపింది ఒక మొక్క. ఈ మాట చెబితే బయటివాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ మొక్క మీద నాకున్న పగ ఇంతవరకు ఏ మనిషి మీదా పుట్టలేదు.

మా ఊరి కుంట ఎన్నో ఏళ్లు ఎండిపోయి, పిల్లలు క్రికెట్ ఆడుకునే బయలుగా ఉండేది. కాలువ నీళ్లు మళ్లించి నింపిన ఏడాది జనమంతా గట్టు మీద నిలబడి కొత్త పెళ్లికొడుకును చూసినట్టు చూశారు. మరుసటి ఏడాదికి నీళ్ల మీద ఒక మూల గుండ్రటి ఆకులు, ఊదా పూలు కనిపించాయి. గుర్రపు డెక్క అంటారని తర్వాత తెలిసింది. మా ఊళ్లో దానికి పేరే లేదు. నీళ్లే లేని చోట నీటి కలుపుకు పేరెందుకుంటుంది? మొదట్లో అందరం మురిసిపోయాం. ఫొటోలు తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఫొటో తర్వాత ఫోన్‌లోంచి తీసేశాను.

రెండు వానలకు అది కుంటంతా పరుచుకుంది. కుంట ఎండిన రోజుల్లో పొలాలకు మట్టి తోలుకుపోయిన గుంతలు ఎక్కడున్నాయో పైకి కనిపించలేదు. మాది చూడి ఎనుము, ఇంకో నెలలో ఈనాల్సింది. దాని పాల మీదే మా ఇల్లు నడవాలి. పచ్చగా ఉందని మేతకు దిగి గుంతలో కూరుకుపోయింది. కాళ్లకు వేర్లు చుట్టుకున్నాయి. ట్రాక్టరు తెచ్చి, తాడు కట్టి లాగేసరికి ప్రాణం లేదు. కడుపులో దూడా పోయింది.

ఆ రోజు గట్టు మీద నిలబడి పిడికెడు మన్ను తీసి నీళ్లలోకి చల్లాను.

"దీన్ని తెచ్చి ఈడ ఏసినోడు ఎవుడో గానీ, వాని ఇల్లు పాడుగాను! వాడూ వాని బిడ్డలూ బతికినన్నాళ్లూ ఈ బురదలో నిలబడి దీన్నే పీకుతా సావాల!"

మన్ను చల్లి పెట్టిన శాపం ఊరికే పోదంటారు. పోకూడదనే పెట్టాను.

మర్నాటి నుంచి పీకడం మొదలుపెట్టాను. నాయన కూడా వచ్చేవాడు. మామూలుగా ఆయన మాటల పుట్ట. అక్కడ మాత్రం నోరు విప్పేవాడు కాదు. నేను మోపుకొక తిట్టు తిడుతూ పీకింది తెచ్చి బండ మీద పరిచేదాన్ని. మా వేరుశనగను ఏటేటా మాడ్చిన ఎండ దాన్నీ మాడ్చేది. ఆకులు నల్లబడి ముడుచుకుపోతుంటే కూర్చుని చూసేదాన్ని. అన్నం సహించని ఆ రోజుల్లో నా కడుపు నింపింది అదొక్కటే. మా ఎండ నాకు మొదటిసారి చుట్టమైంది.

నెల తిరిగేసరికి ఒక పక్కంతా నీళ్లు బయటపడ్డాయి. ఒక పొద్దున నేను మళ్లీ శాపం ఎత్తుకుంటే నాయన నీళ్లలోనే ఆగిపోయాడు.

"ఇంగ చాలమ్మా. ఆ ఏసినోడు నేనే."

విడపనకల్లు దగ్గర మిరపకాయల కోతకు పోయినప్పుడు కాలువ పక్క గుంతలో దాన్ని చూశాడట. బకెట్లో నాలుగు మొక్కలు తెచ్చి కుంటలో వదిలాడట.

"ఎందుకు తెచ్చినావు నాయనా?"

"ఎండ నీళ్లను తాగేస్తాండాది. ఆకు కప్పుకుంటే నాలుగు దినాలు ఎక్కువుంటాయనుకుంటి. బిందె మీద మూత పెడతాం గదా, అట్ల."

నీళ్లకు మూత పెట్టాలన్న ఆలోచన మా అనంతపురం మనిషికి తప్ప ఇంకెవరికి వస్తుంది? జాలి వేయాలి. వేయలేదు. మా ఎనుము కళ్లు గుర్తొచ్చాయి. ఇన్నాళ్లూ నా పక్కన నిలబడి తిట్లన్నీ వింటూ ఊరుకున్నందుకు ఇంకా మండింది.

"ఆ మూల ఇంగా ఉండాది. పోయి పీకు," అన్నాను.

ఆ మూలకు పోయి పీకడం మొదలుపెట్టాడు.

మొన్నటి వానలకు, మేం శుభ్రం చేసిన చోటే మళ్లీ ఆకులు లేచాయి. దాని గింజ బురదలో పడితే ఏళ్లకు ఏళ్లు చావదట. రోజూ పొద్దున నాయన కంటే ముందు నేనే నీళ్లలోకి దిగుతున్నాను. నాయనను ఇంకా క్షమించలేదు. కానీ ఆ రోజు మన్ను చల్లేటప్పుడు నేను వాడొక్కడే అనలేదు, వాని బిడ్డలూ అన్నాను.